కళుగుమలై టేపు

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తూ ఫోన్ చూశాను. ఫోన్ చూడకుండా నాకు ముద్ద దిగదని అమ్మ ఎప్పుడూ తిడుతుంది. ఆ రోజు చూసినందుకే దిగలేదు. నేనొక వాట్సాప్ గ్రూపులో ఉన్నాను. కర్ణాటక సంగీతం వినేవాళ్ల గ్రూపు. చెన్నై, మదురై, తిరునెల్వేలి వాళ్లు, ఎక్కువమంది రిటైరయిన మగవాళ్లు. వారానికొకసారి అందరూ "ఇప్పుడు నా చెవిలో ఉన్నది" అని తమకు నచ్చిన రికార్డింగు ఒకటి పెట్టాలి. ఒకే రాగం నలుగురు నాలుగు కచేరీల నుంచి పెడితే ఇంక చూడండి, ఏది గొప్పదని పొద్దు గూకేదాకా కొట్టుకుంటారు. నేనూ కొట్టుకుంటాను, నాకదే సరదా. ఆ మధ్యాహ్నం గ్రూపు అడ్మిన్, మదురైలో ఉండే ఒక పెద్దాయన, ఇలా పెట్టాడు: "దొరకని సొత్తు. బారి నాగస్వరంలో తోడి. విరుదునగరం పంగుని పొంగల్ కచేరీ. రంగసామిగారి సేకరణ. మధ్యలో వినబడే ఆహా కూడా ఆయనదే." కింద దణ్ణాలు, పూలు, కన్నీళ్ల బొమ్మలు. ఆ కాలం నిదానమే వేరని ఒకరు, ఇప్పటి వాళ్లు పరుగు పందెంలో ఉన్నట్టు వాయిస్తారని ఇంకొకరు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రంగసామి మా నాన్నకు నాన్న, విరుదునగరం తాత. ఆ టేపు విరుదునగరంలో రికార్డు పట్టింది కాదు. అది బారి నాగస్వరమూ కాదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, నాగస్వరంలో, మీరు నాదస్వరం అంటారే అందులో, రెండు రకాలుంటాయి. తిమిరి అంటే పొట్టిది, పైశ్రుతిలో సన్నగా, చురుగ్గా పలుకుతుంది. బారి అంటే పొడుగుది, కింది శ్రుతిలో లోతుగా, నిండుగా పలుకుతుంది. ఈ రెండిటి మధ్య తేడా కోసం మా ఇంట్లో ఒక ఆడమనిషికి పుట్టింటి దారి మూసేశారు. ఆ ఆడమనిషి మా అమ్మ. ఆ సంగతి దణ్ణాలు పెట్టేవాళ్లకు ఎవరు చెప్తారు?

ఇది తెలుగులో రాస్తున్నానే గాని మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడతాం, గడప దాటితే అరవమే. చెన్నైలో పుట్టి పెరిగిన దాన్ని, అక్షరాలు నేను కాలేజీలో ఉండగా ఫోన్‌లో నేర్చుకున్నాను. హైదరాబాద్ స్నేహితురాలు ఒకతి నా మాట విని "మా ముత్తవ్వ లేచి వచ్చినట్టుంది" అని పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వింది. మా వాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే రాస్తాను. మాట చివర "దా" అతికితే అది ప్రశ్న కాదు, నొక్కి చెప్పడం; "ఆమా" అంటే అవును.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే మొదట విరుదునగరం, తరవాత కోవిల్‌పట్టి. రెండిటికీ మధ్య గంట ప్రయాణం. విరుదునగరం తాతది మిరపకాయలు, ధనియాల దళారీ వ్యాపారం. ఇల్లు మండీ వీధి వెనకే. పొద్దున లేస్తూనే తుమ్ములు. కొత్తగా వచ్చిన కోడళ్లు తుమ్మడం మానేసేదాకా ఈ ఇంటి మనుషులు కారని అవ్వ అనేది. మిరప ఘాటు, గానుగ నూనె వాసన, పప్పు దుమ్ము, వీటన్నిటి మీద ఆదివారం మాత్రం ఇంకో వాసన వచ్చేది. తాత టేపుల బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన. అందులో టేపులన్నీ పాడినవాళ్ల పేర్ల మీద కాకుండా రాగాల మీద సర్ది ఉండేవి. తోడి ఒక అర, భైరవి ఒక అర, కాంభోజికి రెండు అరలు. భోజనాలయ్యాక మండీ స్నేహితులు వచ్చి చాప మీద కూర్చునేవాళ్లు. తాత టేపురికార్డరును భుజం మీది తువ్వాలుతో తుడిచి, మెషీన్‌ని కాదు, దేవుణ్ణి తుడిచినట్టు తుడిచి, ఒక్క మాట అనేవాడు: "ఫ్యాన్ ఆపు." విరుదునగరంలో, నడి ఎండాకాలంలో, ఫ్యాన్ చప్పుడు ఆలాపనకు అడ్డమని ఫ్యాన్ ఆపించేవాడు. చెమటలు కారుతూ కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు. "మీ తాత చెవికి తోడి ఎక్కుతాది, గ్యాస్ అయిపోయిందంటే ఎక్కదు," అనేది అవ్వ వంటింట్లో విసనకర్రతో కొట్టుకుంటూ.

వాళ్ల ఆట ఏమిటంటే, ఒకే రాగానికి రెండు టేపులు పోటీ పెట్టడం. రెండూ విన్నాక ప్రతివాడి చేతిలో ఒక అగ్గిపుల్ల ఉంటుంది, మందు అద్దని వట్టి పుల్ల. నచ్చిన టేపు ముందు ఆ పుల్ల పెట్టాలి. ఎక్కువ పుల్లలు పడ్డ టేపు పై అరకెక్కుతుంది, ఓడింది కింది అరకు దిగుతుంది. దీన్ని "కుచ్చి వేయడం" అనేవాళ్లు, కుచ్చి అంటే అరవంలో పుల్ల. ఆ పుల్లలు ఎక్కడివంటే కోవిల్‌పట్టి తాత పంపినవి. మా అమ్మ నాన్న గోపాల్‌సామి తాతకు అగ్గిపెట్టెల పట్టడ, అంటే చిన్న కార్ఖానా, ఉండేది. వియ్యంకుడి ఇంటికి వచ్చేటప్పుడు వేరుశెనగ మిఠాయితో పాటు ఒక కట్ట వట్టి పుల్లలు తెచ్చేవాడు, పందెం తీర్పు కోసం. ఆడవాళ్ల చేతికి ఎవరూ పుల్ల ఇవ్వలేదు. మేం వంటింటి గడప ఇవతల కూర్చుని వినేవాళ్లం. విన్నామని ఎవరికీ తోచను కూడా తోచలేదు.

కోవిల్‌పట్టి ఇల్లు ఇంకో లోకం. అక్కడ మైనం వాసన, మందు వాసన, చట్రాల్లో పుల్లలు గుచ్చే ఆడవాళ్ల నవ్వులు. గోపాల్‌సామి తాత కూర్చుని పాట వినగా నేను చూడలేదు. టేపురికార్డరును పట్టడ కిటికీలో పెట్టి, పనివాళ్లందరికీ వినబడేట్టు పెంచి, వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ వినేవాడు. మధ్యలో ఎవరో ఒకరిని ఆపి "ఏమ్మే, ఇందాకటిదానికన్నా ఇది బాగుండాదా లేదా, చెప్పు," అని అడిగేవాడు. చెప్తే వినేవాడు. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఏ టేపుకైనా ఆమె మాటే ఆఖరి మాటట. ఆ మనిషే తరవాత ఏం చేశాడో చెప్తాను. అది తలుచుకుంటే నాకు ఈ తాత మీదే ఎక్కువ కోపం వస్తుంది.

కళుగుమలై టేపు ఆయనదే. కళుగుమలై గుడి ఉత్సవంలో ఒక నాగస్వరం విద్వాన్ తవిల్ డోలు పక్కన ఉండగా తోడి వాయించాడు. తాత కూతుర్ని వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాడు. గుడ్డసంచిలో టేపురికార్డరు, కొత్త బ్యాటరీలు. జనం తోపులాటలో నేల మీద పెడితే తొక్కేస్తారని అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, ఆ తోడి అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. కాలు తిమ్మిరెక్కి లేవలేకపోతే తాత ఎత్తుకుని బస్సెక్కించాడట. ఆ టేపు తిమిరి నాగస్వరం, పైశ్రుతి, రవ్వలు రాలినట్టు ఉంటుంది.

పెళ్లి కుదిరినప్పుడు అమ్మకు ఒక సంగతి తెలిసింది, మామగారికి నాగస్వరమంటే పిచ్చి అని. ఆయనకని ఆ టేపుకు కాపీ తీసింది. తీసింది పక్కింటి టేపురికార్డరులో. దాని మోటారు చెడిపోతే బాగుచేసేవాడు ఇంకేదో మోటారు బిగించాడు. అది గబగబా తిరిగేది. అందులో పట్టి అందులోనే వింటే ఏ తేడా తెలియదు. వేరే మెషీన్‌లో వేస్తే మాత్రం పాట నిదానించి, శ్రుతి దిగి, లోతుగా వస్తుంది. అమ్మకు ఆ సంగతి తెలియదు. పెళ్లి సారెలో తమలపాకుల పక్కన ఆ టేపు పెట్టుకుని వచ్చింది. ఏ పేరూ రాయలేదు. అవ్వ దాన్ని తీసి బీరువాలో పెట్టి మరిచిపోయింది. సరిగ్గా అదే సమయానికి విరుదునగరం తాత తమ ఊరి అమ్మవారి జాతర, ఆ పంగుని పొంగల్ కచేరీ టేపు కోసం మైక్‌సెట్టు వాడి చుట్టూ తిరుగుతున్నాడు. అదే విద్వాన్ అక్కడా తోడి వాయించాడు, తాత ముందు వరసలో కూర్చుని విన్నాడు. బీరువాలో పేరులేని టేపు కనబడగానే మైక్‌సెట్టు వాడు పంపించేశాడనుకున్నాడు. వేసి చూశాడు. నిదానంగా, గంభీరంగా తోడి. మధ్యలో దగ్గర్నుంచి ఎవరిదో బొంగురు గొంతు, "ఆహా". తాత కళ్లలో నీళ్లు. "నాదే, ఆ ఆహా నాదే!" కొత్త కోడలు వంటింట్లోంచి విని మొదట ఇదేదో వేరే కచేరీ అనుకుంది. రెండోసారి వినగానే గుర్తుపట్టింది. రాత్రి నాన్నతో చెప్పింది. "ఎందుకిప్పుడు, సంతోషంగా ఉన్నాడు, ఉండనీ," అన్నాడు మా నాన్న. ఆయన జీవితమంతా ఆ ఒక్క మాట మీదే గడిచింది.

ఇలా ఒకే తోడి రెండు ఊళ్లలో రెండు తోడిలుగా పెరిగింది. కోవిల్‌పట్టి తాతకు తిమిరి గొప్ప, విరుదునగరం తాతకు బారి గొప్ప. ఒకరినొకరు, అరవంలో వియ్యంకుణ్ణి పిలిచినట్టు, "సమ్మందీ" అని పిలుచుకుంటూ, మిఠాయి తింటూ, పొట్టిదా పొడుగుదా అని ఏళ్లపాటు దెప్పుకున్నారు. మొదట్లో అది ఇద్దరికీ పండగలాగే ఉండేది. నాకు గుర్తున్న ఆ ఆదివారం మాత్రం పండగ కాదు. నేను మూడో క్లాసో నాలుగో క్లాసో. కోవిల్‌పట్టి తాత తన టేపు స్వయంగా తీసుకుని వచ్చాడు, ఇవాళ తేలిపోవాలని. ఫ్యాన్ ఆగింది. రెండూ వేశారు.

"సమ్మందీ, మీ కళుగుమలై తోడి బడి వదిలిన పిల్లోడు పరుగెత్తినట్టుండాది," అన్నాడు విరుదునగరం తాత. "ఇది చూడండి. ఏనుగు నడిచినట్టు లే? తవిల్ వినండి, మబ్బు ఉరిమినట్టు."

"ఏనుగా?" కోవిల్‌పట్టి తాత నవ్వలేదు. "బురదలో పండుకున్న ఎనుము లేవలేక రొప్పినట్టుండాది. అది తోడినా? తోడికి పాడె కట్టినట్టుండాది."

"నేను ముందర కూసోని విన్న కచేరి సమ్మందీ అది! నా ఆహా వినబడలా మీకు?"

"వినబడింది. అది విన్నాకదా ఆ మనిసికి ఊపిరి ఆడలా."

చాప మీది స్నేహితులు ఎవరూ నవ్వలేదు. సరిగ్గా అప్పుడు అమ్మ గ్లాసుల పళ్లెం పట్టుకుని గడప దాటింది. పళ్లెం కింద పెట్టింది. లోపలికి పోలేదు.

"మామా, నాయినా, ఒక మాట. రెండూ ఒకటేదా. రెండూ కళుగుమలై టేపే. నేనుదా కాపీ పట్టి సారెలో తెచ్చినా. ఆ మెషీన్ మోటారు సరిలే, అందుకుదా నిదానంగా వస్తాది."

ఆ గదిలో ఒక్కడికైనా లేచి ఆ రెండు టేపులూ మళ్లీ పక్కపక్కన వేద్దామని తోచలేదు. అణువంత గమకం జారితే పట్టుకునే చెవులు అవి! విరుదునగరం తాత మెల్లగా తల తిప్పాడు. "ఏమి కోడలా, మీ నాయిన పక్కం మాట్లాడతా వుండావా?" అమ్మ వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన ఒప్పుకుంటాడనుకుంది. కాని ఆయన ఇందాకే నలుగురిలో ఆ టేపును ఎనుము అన్నాడు, పాడె అన్నాడు. రెండూ ఒకటే అయితే తను పాడె కట్టింది తన టేపుకే. ఇద్దరిలో ఎవరు గెలవాలన్నా అమ్మ మాట అబద్ధం కావాలి.

"నీకేం తెలుసు పాట గురించి?" అన్నాడు కోవిల్‌పట్టి తాత. "లోపల పని చూడు, పో."

"నా ఒళ్లో పెట్టుకోనిదా పట్టినా నాయినా..."

"పొమ్మన్నా గదా!"

అమ్మ లోపలికి వచ్చింది. పుల్లలు వేశారు, అన్నీ బారి ముందే పడ్డాయి, ఆ ఇంటి ఉప్పు తినే వాళ్లవి కదా. కోవిల్‌పట్టి తాత లేచి కండువా దులిపి, "ఈ ఇంట్లో ఇంక నీళ్లు ముట్టను," అన్నాడు. విరుదునగరం తాత కూర్చున్న చోటు నుంచే, "మా ఇంటి కోడలు కూడా ఇంక మీ గడప తొక్కదు," అన్నాడు. పాట మీద మొదలైన మాట ఎవరి మీద ఆగిందో చూశారా! ఆ ఇద్దరు మగవాళ్లకూ పోయిందేమీ లేదు. మా నాన్న పేపరు తిప్పుతున్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని చూస్తున్నాను. ఆమె ఏడవలేదు. వడ్డించాల్సిన అప్పడాలు నూనెలో మాడిపోతున్నా చూస్తూ నిలబడింది.

ఆ తరవాత మా ఎండాకాలాలు విరుదునగరంలోనే ఆగిపోయాయి. గంట ప్రయాణం అంతే. వీధి చివర నిలబడితే కోవిల్‌పట్టి బోర్డు పెట్టుకున్న బస్సులు పోతుండేవి. అమ్మ ఫోన్‌లో మాట్లాడేది, మొదట్లో వాళ్ల నాన్నతో కాదు, ఆయన కూడా ఫోన్ దగ్గరికి రాడు, ఆయన రోషం ఆయనది. తరవాత్తరవాత ఆయన వచ్చి "తిన్నావా" అని మాత్రం అడిగి అవతల పెట్టేసేవాడు. నాన్న ప్రతి ఏడూ "చల్లారనీ, తీసుకుపోతా" అనేవాడు. చల్లారింది. మనిషే చల్లారిపోయాడు. శవాన్ని చూడడానికి మాత్రం దారి తెరుచుకుంది, విరుదునగరం తాత తనే టాక్సీ మాట్లాడి పంపించాడు, పెద్ద మనసు అని అందరూ మెచ్చుకున్నారు. అమ్మ ఆ ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒక్కటే, ఆ అసలు టేపు. చెన్నైలో చీరల కింద పెట్టింది. వినడానికి మెషీన్ కూడా లేదు మా ఇంట్లో.

అందుకే ఆ మధ్యాహ్నం గ్రూపులో ఆ పేరు, ఆ ఊరు, ఆ దణ్ణాలు చూసి నాకు అన్నం దిగలేదు. ఇంటికి వెళ్తూనే అమ్మ ముందు ఫోన్ పెట్టాను. చిక్కుడుకాయలు తుంచుతోంది. వింది. తుంచడం ఆపలేదు. "వదిలెయ్ పాపా," అంది. నేను వదిలే రకం కాదని ఆమెకూ తెలుసు. చీరల కింద టేపు తీసుకుని, పాత టేపులు మార్చి ఇచ్చే అంగడికి తీసుకుపోయి ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. పాట వేగం మార్చే యాప్ ఒకటి ఉంది. గ్రూపులో పెట్టిన బారి తోడిని అందులో వేసి కొంచెం కొంచెంగా వేగం పెంచుతూ పోయాను. ఒక చోటుకి వచ్చేసరికి రెండూ ఒకదాని మీద ఒకటి అతుక్కున్నాయి. ఒకే చోట టపాకాయ, ఒకే చోట బెలూన్ల వాడి పీక, ఒకే చోట తవిల్ మీద కడియం తగిలిన చప్పుడు. తరవాత ఆ "ఆహా" వచ్చింది. బొంగురు గొంతు లేదు. ఒక ఆడపిల్ల గొంతు. నోట్లోంచి తనకు తెలియకుండా జారిపోయి, అయ్యో అని నాలుక కరుచుకున్నట్టు ఆగిన గొంతు.

నేను అమ్మ వైపు చూశాను. "అది నువ్వా?"

"నా ఒళ్లోనే గదా మెషీన్ వుండింది. ఇంకెవరు?"

"ఎందుకు చెప్పలేదు మా? ఆయన నాది నాది అని ఊరంతా చెప్పుకుంటా వుంటే!"

"రెండూ ఒకటేదా అని చెప్పినా. అంతకన్నా ఏం చెప్పాల?" చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "ఇంకోసారి పెట్టు." పెట్టాను. ఈసారి కళ్లు మూసుకుంది. "నేను ఆహా అనేసి బయపడినా, టేపులో పడిపోయిందే, నాయిన తిడతాడే అని. నాయిన తిరిగి చూసినాడు. తిట్టలా. నవ్వి, ఇట్లా తల ఊపినాడు." ఆమె తల ఊపి చూపించింది. ఆ ఆదివారం తరవాత ఆయన గురించి ఆమె నోట మంచి మాట అదొక్కటే విన్నాను. అప్పుడు తెలిసింది నాకు, వాళ్లు ఈ టేపు మీద పేరు మార్చి తీసేసుకున్నది దేన్నో.

అదే వారం విరుదునగరం తాత ఫోన్. ఆయనకు ఇప్పుడు కళ్లు మందగించాయి, రోషం మాత్రం అలాగే ఉంది. "పాపా, ఆదివారం నీ స్పీకరు ఎత్తుకోని దా. మదురై నుంచి పెద్దపెద్దోళ్లు వస్తా వుండారు, మన బారి తోడి వినేదానికి." గ్రూపు వాళ్లు ఆయన్ను సన్మానిస్తారట. నాన్న ఎటూ వస్తాడు, అమ్మ కూడా వస్తానంది. ఎందుకని అడగలేదు.

ముందు గదిలో ఇప్పుడు ఏసీ ఉంది. చాప లేదు, ప్లాస్టిక్ కుర్చీలు. అవ్వ పోయింది, మండీ స్నేహితులూ పోయారు. వాళ్ల స్థానంలో ఫోన్లు పట్టుకున్న కొత్త పెద్దమనుషులు. శాలువా కప్పారు. అడ్మిన్ అరవంలో పెద్ద ప్రసంగం చేశాడు, ఇలాంటి రసికులు ఇక పుట్టరని. నేను స్పీకరు కలిపి బారి తోడి వేశాను. "ఆహా" రాగానే అందరూ తాత వైపు తిరిగి దణ్ణం పెట్టారు. తాతా పెట్టాడు. అప్పుడు వెనక్కి జరిపి, మళ్లీ మొదలుపెట్టి, ఆపకుండా వేగం పెంచుకుంటూ పోయాను. వాళ్ల చెవుల ముందే ఆ పొడుగు నాగస్వరం పొట్టిదైపోయింది. "ఏమ్మా, ఫోన్ చెడిపోయిందా?" అన్నాడు ఒకాయన. ఆడపిల్ల గొంతు "ఆహా" అంది. పాట ఆపేసి అంతా చెప్పాను. మెల్లగా చెప్పాలనుకున్నాను, అరిచాను. కళుగుమలై అని, కోవిల్‌పట్టి గోపాల్‌సామి అని, మోటారు అని, అదిగో ఆ తలుపు దగ్గర నిలబడిన మనిషిదే ఆ గొంతని.

తరవాత అడ్మిన్ గొంతు సవరించుకున్నాడు. చాలా ఆసక్తిగా ఉందమ్మా అన్నాడు. అయితే ఇప్పుడు మనకు ఒకే తోడికి రెండు రూపాలు దొరికినట్టు, ఎవరికి ఏది నచ్చిందో చెప్పండి అన్నాడు! నిజంగా అన్నాడు. పక్కాయన, తప్పో ఒప్పో, నాకు నిదానందే ఇష్టం అన్నాడు. మూడో ఆయన, వేగందాంట్లో ప్రాణముంది అన్నాడు. మొదలైపోయింది. నేను "ఇది మా అమ్మ పుట్టింటి..." అంటుంటే "కోపం వద్దమ్మా, సంగీతం గురించి మాట్లాడుకుందాం," అన్నారు. నేనూ ఏళ్లుగా ఆ గ్రూపులో అచ్చం అలాగే మాట్లాడాను. చాప పోయి కుర్చీ వచ్చింది, పుల్ల పోయి ఫోన్‌లో బొటనవేలి బొమ్మ వచ్చింది, వినడం మాత్రం రాలేదు.

తాత శాలువా అంచు తడుముకుంటూ తలుపు ఉన్న వైపు ముఖం తిప్పాడు. "కోడలా. అది నీ గొంతా?"

"ఆమా మామా."

"అప్పుడే చెప్పుండచ్చు గదా అమ్మా."

"చెప్పినా మామా. ఈడనే నిలబడి చెప్పినా."

తాత ఆలోచించాడు. "ఇంకొంచెం గట్టిగా చెప్పుండాల," అన్నాడు.

నేను స్పీకరు తీగ పీకేశాను. ఇంకేం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "దా, పోదాం," అంది. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, ఇరవై మందికి ఎవరు వడ్డిస్తారని మా మేనత్త వెంటపడింది. "వాళ్లనే పెట్టుకోనీ," అంది అమ్మ. మా నాన్న గేటు దాకా వచ్చి ఎక్కడికి అన్నాడు. ఆమె ఆగలేదు. వీధి చివర చెన్నై వైపు కాకుండా రోడ్డు అవతలికి దాటింది. కోవిల్‌పట్టి బస్సు వచ్చింది. ఎక్కింది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. పట్టడ మూతపడింది, ఇల్లు మేనమామ అమ్మేశాడు. ఆ సంగతి గుర్తు చేశాను. "తెలుసు," అంది. "గడప తొక్కాలంటే ఇల్లు వుండాలనా?"

సాత్తూరు దాటాక నల్లరేగడి పొలాలు, అక్కడక్కడ తుమ్మచెట్లు. కిటికీ పక్కన ఆమె, పక్కన నేను, చేతిలో ఫోన్. గ్రూపులో అప్పటికే రెండు రూపాల మీద వాదన నూరు మాటలు దాటింది. అసలు కళుగుమలై తోడిని ఎక్కించి కింద అరవంలో రాశాను: "తోడి. తిమిరి నాగస్వరం. కళుగుమలై గుడి ఉత్సవం. టేపు పట్టినది కోవిల్‌పట్టి గోపాల్‌సామి. మధ్యలో ఆహా అన్నది ఆయన కూతురు. ఇష్టమున్నవాళ్లు వినండి, పోటీ పెట్టకండి." పంపేముందు అమ్మకు చూపించాను, ఇన్నేళ్ల బాకీ ఒక్క దెబ్బకు తీర్చేశానన్నట్టు.

కళ్లజోడు సర్దుకుని మెల్లగా చదివింది. రెండోసారి చదివింది.

"అన్ని పేర్లూ వేసినావే," అంది. "రాగం పేరు, వాద్యం పేరు, ఊరు పేరు, మీ తాత పేరు. ఆ కూతురికి వాళ్ల నాయిన పేరు పెట్టలేదా?"

ఆమె గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు, అది నా మీద. ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. ఆమె ఎప్పుడూ రెండు చేతులతో టైపు చేయదు, ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటుంది. బస్సు గుంతలో పడితే తప్పు పడుతుంది, చెరిపి మళ్లీ కొడుతుంది. "ఆయన కూతురు" అన్న మాట చెరిపేసి అక్కడ అలమేలు అని కొట్టింది. తరవాత పైకి వెళ్లి, టేపు పట్టినది అన్న చోట గోపాల్‌సామి పక్కన ఖాళీ వదిలి, మళ్లీ అదే పేరు, అలమేలు. ఆఖర్న నేను రాసిన పోటీ పెట్టకండి అన్న మాట కూడా తీసేసింది.

"పెట్టుకోనీ," అంది. తనే పంపించేసింది.